మస్టర్ నుంచి టెండర్‌కు: రైలు పట్టాల మీద రిజర్వేషన్ కథ

మా అబ్బ గ్యాంగ్‌మన్. గుత్తి, గుంతకల్లు మధ్య పట్టాల మీదే ఆయన ఉద్యోగమంతా గడిచింది. భుజాన గడ్డపార, చేతిలో ఎర్రజెండా. ఎండాకాలం రాయలసీమ వేడికి పట్టా వంకర తిరగకుండా చూసుకోవాలి. వానాకాలం రాత్రి కట్ట కోసుకుపోయిందేమోనని లాంతరు పట్టుకుని నడవాలి. మా మాదిగవాడలో నెలనెలా జీతం వచ్చే కొద్ది ఇళ్లలో మాది ఒకటి. ఆ జీతం మా నాన్నను చదివించింది. ఆ తర్వాత అబ్బ పింఛను నా హాస్టల్ ఖర్చుకు పనికొచ్చింది. ఈరోజు నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నానంటే, దాని వెనక ఒక మస్టర్‌ రోల్‌లో ఎక్కిన పేరు ఉంది.

మా అత్త కూడా స్టేషన్‌లోనే పనిచేస్తుంది, ఒక నగరంలో. ప్లాట్‌ఫారం ఊడుస్తుంది, పట్టాల మధ్య చెత్త ఏరుతుంది. కానీ ఆమె రైల్వే ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ మనిషి. పన్నెండేళ్లలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. చీపురు అదే, ప్లాట్‌ఫారం అదే. ఆమె సర్వీసు మాత్రం ప్రతిసారీ సున్నా నుంచి మొదలైంది. "మా నాయనకు నంబరుండె. నాకేముందిరా, ఈ యూనిఫాం తప్ప?" అని మొన్న సంక్రాంతికి అడిగింది.

ఒకే ఇంట్లో, ఒకే రైల్వేలో, రెండు తరాల మధ్య ఏం జరిగింది?

రైల్వే చరిత్రలు ఇంజన్ల గురించి, వంతెనల గురించి చెబుతాయి. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు రైల్వే, జీఐపీ రైల్వే కలిసి మద్రాసు-బొంబాయి దారి పూర్తయిందని రాస్తాయి. ఆ దారిని రోజూ కాపాడిన చేతుల కులం మాత్రం రాయవు. దాన్ని బహిరంగంగా మాట్లాడినవారు బాబాసాహెబ్ అంబేడ్కర్. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన జీఐపీ రైల్వే దళిత కార్మికుల సభలో, కార్మికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని ఆయన చెప్పారు. ఈ మాట మనందరికీ తెలుసు. అదే ప్రసంగంలో ఆయన చూపించిన ఉదాహరణను మాత్రం తక్కువగా తలచుకుంటాం. రైల్వేలో అంటరానివాడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడు. అతనికి పోర్టర్ పని కూడా దక్కదు. ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంటి పని కూడా చేయాలి, అంటరానివాడు ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదు. అంటే రైల్వే కులాన్ని తుడిచేయలేదు, గ్రేడ్లుగా మార్చి రిజిస్టర్‌లో రాసుకుంది.

ఆ గ్రేడ్ల గోడను బద్దలు కొట్టే పోరాటం కూడా రైల్వే నుంచే మొదలైంది. పదోన్నతుల్లో రిజర్వేషన్ ఇస్తూ రైల్వే బోర్డు ఇచ్చిన ఉత్తర్వులను దక్షిణ రైల్వే ఉద్యోగి ఒకరు సవాలు చేశారు. 1961లో రంగాచారి కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను సమర్థించింది, అదీ 3-2 మెజారిటీతో. 1980లో రైల్వేకే చెందిన అఖిల భారతీయ శోషిత్ కర్మచారీ సంఘ్ కేసులోనూ రిజర్వేషన్ నిలబడింది. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు పదోన్నతుల్లో రిజర్వేషన్‌ను తోసిపుచ్చితే, 1995లో 77వ రాజ్యాంగ సవరణ 16(4ఏ)ను తెచ్చింది. ఈ దేశంలో పదోన్నతుల రిజర్వేషన్ చట్టం పట్టాల పక్కనే పుట్టింది.

అయితే ఈ పోరాటమంతా 'పోస్టు' అనే పదం మీద నడిచింది. పోస్టు ఉంటేనే రోస్టర్ ఉంటుంది, రోస్టర్ ఉంటేనే రిజర్వేషన్. టెండర్‌లో పోస్టు ఉండదు, పని మాత్రమే ఉంటుంది. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండానే రిజర్వేషన్‌ను ఖాళీ చేయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ఇది దానంతటదే జరగలేదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, ఏడాది పొడవునా సాగే పనుల్లో ఈ పద్ధతిని నిషేధించే వీలు కల్పించింది. కేంద్రం పరిధిలోని సంస్థల భవనాలను ఊడ్చే, శుభ్రపరిచే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని 1976 డిసెంబర్ 9 నాటి నోటిఫికేషన్ నిషేధించింది కూడా. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన కార్మికులు సంస్థ ఉద్యోగులైపోరని కూడా తేల్చింది. ఎవరి చేతిలో చీపురుందో ఆలోచిస్తే, ఆ తీర్పు కార్మిక చట్టానికి సంబంధించినదే కాదు, కులానికి సంబంధించినది కూడా.

ఇప్పుడు స్టేషన్లు శుభ్రంగా ఉన్నాయి కదా, బయో టాయిలెట్లు వచ్చాయి కదా అని నా తోటి పరిశోధకులే అంటారు. వచ్చాయి, మంచిదే. 2013 చట్టం మాన్యువల్ స్కావెంజర్ నిర్వచనంలో రైలు పట్టాలను పేరు పెట్టి చేర్చింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, పట్టాల మీద ఈ పనిని గడువు పెట్టుకుని అంతం చేయాలని రైల్వేకు చెప్పింది. కానీ అదే చట్టం, ప్రభుత్వం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ సామగ్రితో ఆ పని చేసేవారిని మాన్యువల్ స్కావెంజర్‌గా లెక్కించనక్కర్లేదని వెసులుబాటు ఇచ్చింది. చేతికి గ్లవ్స్ తొడిగితే మనిషి లెక్కలోంచి తప్పుకుంటాడు. సాంకేతికత పట్టాల మీద మలాన్ని తగ్గించింది. పట్టాలను ఊడ్చేవాళ్ల వాడను మార్చలేదు.

అందుకే మూడు డిమాండ్లు. ప్రతి డివిజన్‌లో కాంట్రాక్టు సఫాయి కార్మికుల సామాజిక నేపథ్యాన్ని లెక్కించి బయటపెట్టాలి. కాంట్రాక్టర్ మారినా కార్మికురాలి సర్వీసు కొనసాగేలా టెండర్ షరతుల్లోనే రాయాలి. ఎప్పటికీ ఆగని పనికి పోస్టులు మంజూరు చేసి, ఇప్పుడు చేస్తున్నవాళ్లకే మొదటి హక్కు ఇవ్వాలి. అంతటితో ఆగకుండా, అక్కడి నుంచి పైకి వెళ్లే మెట్లూ వేయాలి. లేకపోతే మన్మాడ్‌లో బాబాసాహెబ్ చెప్పిన గ్యాంగ్‌మన్ కథే మళ్లీ మొదలవుతుంది.

మా అబ్బ ఉద్యోగాన్ని నేను గొప్ప చేసి చెప్పడం లేదు. గ్యాంగ్‌మన్‌గా చేరినవాడు గ్యాంగ్‌మన్‌గానే దిగాడు. కానీ ఆ మస్టర్‌లో పేరు ఉండబట్టి ఆయన మనవడు పీహెచ్‌డీ దాకా వచ్చాడు. మా అత్త కూతురు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ పిల్ల ఫీజు ఏ మస్టర్‌ కడుతుంది?