పొగమంచు: ఒక సమాస విచారం



ఏటా కార్తికం వచ్చేసరికి మన పత్రికలు ఒక పాత శీర్షికను దులిపి బయటికి తీస్తాయి: "ఢిల్లీని కమ్మేసిన పొగమంచు". ఏళ్ళ తరబడి పిల్లలకు సమాసాలు చెప్పినవాణ్ణి కనుక ఆ మాట దగ్గర నా కన్ను ఆగిపోతుంది. దీనికి విగ్రహవాక్యం ఏమిటి?

పొగ వంటి మంచు అంటే ఉపమాన పూర్వపద కర్మధారయం. మన పెద్దలు వాడినది ఈ అర్థంలోనే. చూపుకు పొగలా ఉంటుంది గాని, అది గాలిలో తేలే నీటి బిందువుల గుంపు. చలికాలం తెల్లవారుజామున లంబసింగి కొండల నడుమ దిగేది అదే. ఎండ ఎక్కితే కరిగిపోతుంది. పొగయు మంచును అంటే ద్వంద్వం. ఢిల్లీలో పౌష మాఘాల్లో కనిపించేది ఇది. నవంబరులో అయితే మంచు పేరుకే, చాలావరకు పొగే. రూపం ఒకటి, అర్థాలు రెండు. శ్లేష కావ్యానికి అలంకారం కావచ్చు. వార్తకు మాత్రం దోషమే.

తర్కం కాస్త చదివినవారికి తెలుసు, పొగను చూసి నిప్పును ఊహించాలి. ఆవిరిని పొగ అని భ్రమించి, లేని నిప్పును ఊహించవద్దని కూడా శాస్త్రం హెచ్చరించింది. మనవాళ్ళు దాన్ని తలకిందులు చేశారు. పొగను పట్టుకుని మంచు అంటున్నారు. మంచుకు నిప్పు అక్కరలేదు కదా! ఇక గొట్టం ఎవరిదో, కొలిమి ఎవరిదో వెతికే పనే లేదు. "వాతావరణం అనుకూలించలేదు" అనేస్తే సరి. నా కోపమంతా ఈ ఒక్క వాక్యం మీద.

పూర్వపక్షం వినిపించనివాడు వాదానికి తగడు కనుక అదీ చెబుతాను. చూపుమేర తగ్గడంలో వాతావరణానికి పాత్ర లేదా? నిస్సందేహంగా ఉంది. చలికాలపు రాత్రి నేల చల్లబడి, దాని మీది గాలి కంటే పై గాలి వెచ్చగా ఉన్నప్పుడు కింది గాలి పైకి లేవదు. కుండకు మూత పెట్టినట్టు పొగ అక్కడే నిలుస్తుంది. గాలి వీచకపోతే మరీ కష్టం. తేమ సంగతి ఇంకా చిత్రం. బొగ్గు, డీజిలు మండగా పుట్టిన సల్ఫేటు, నైట్రేటు కణాలు తేమను పీల్చి ఉబ్బుతాయి. అవి ఉబ్బినకొద్దీ వెలుగును మరింత చెదరగొడతాయి. పొడిగాలిలో పల్చని మసకగా ఉన్న అదే మోతాదు కాలుష్యం, తేమ నూటికి తొంభై అయ్యేసరికి ఎదుటి మేడను మింగేస్తుంది. కాని ఉబ్బడానికి కణం ఉండాలి కదా! అది ఆకాశం నుంచి ఊడిపడలేదు.

నిన్నటికీ నేటికీ తేడా వాతావరణం తేవచ్చు. దశాబ్దాల తేడాకు ఆ సాకు చెల్లదు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండనులో గాలి స్తంభించింది, బొగ్గుపొగ వేలమందిని బలిగొంది. 1956లో అక్కడ స్వచ్ఛవాయు చట్టం చేశారు. 1962లో మరొకమారు ఆ బాధ తప్పలేదు గాని, తరువాత అంతటిది మళ్ళీ రాలేదు. గాలి స్తంభించే చలిరోజులు లండనుకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి! 2009లో అచ్చయిన ఒక పరిశోధన యూరపు ఖండంలో అంతకుముందు ముప్పయ్యేళ్ళ లెక్కలు చూసింది: చూపు ఆనని రోజులు అన్ని ఋతువుల్లోనూ తగ్గాయి, ఆ తగ్గుదల గంధకపు పొగల తగ్గుదలతో కలిసి నడిచింది. మన దేశంలో 1961 నుంచి 2008 దాకా వాతావరణ కేంద్రాల లెక్కలు చూస్తే కథ తిరగబడుతుంది, చూపు బాగా ఆనే రోజులు తరిగిపోయాయి. 2020 ఏప్రిల్‌లో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు, జలంధరు వాసులకు వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ధౌలాధార్ మంచుకొండలు మేడల మీది నుంచి కనబడ్డాయి. కొండలు కొత్తగా మొలవలేదు.

మనమేమీ తక్కువ తినలేదు. 2018 జనవరిలో భోగినాటి పొగకు తేమ తోడై చెన్నై విమానాశ్రయంలో విమానాలు దిగడానికి దారి కానలేదు. పిడకలకు, పాత కట్టెలకు బదులు టైర్లు వేసి, దాన్ని సంప్రదాయమనడం నాబోటి ఛాందసుడికి కూడా మింగుడుపడదు. విశాఖ చూడండి: కొండల నడుమ గిన్నెలాంటి నేల, అందులో ఓడరేవు, పరిశ్రమలు. గిన్నె ప్రకృతి పెట్టింది. అందులో వడ్డించినది ఎవరు?

అమరకోశం మంచుకు నీహారం, తుషారం, తుహినం, ప్రాలేయం అంటూ పేర్లు చెప్పింది. వాటిలో దేనికీ పొగ వాసన లేదు. కనుక మంచును మంచనే అందాం. పాత అర్థంలో పొగమంచునూ ఉండనిద్దాం. ఈ రెండో సరుకుకు 'పొగమసక' అనే మాట ప్రతిపాదిస్తున్నాను. 'ధూమమంచు' అని ఒకరు సూచించారు, అది వైరిసమాసం, నేను ఒప్పను. ఇంతకంటె మంచి మాట ఉంటే వ్యాఖ్యలో రాయండి. విలేకరి మిత్రులు ఎవరైనా ఈ టపా చదువుతుంటే ఒక్క మనవి: "200 మీటర్లకు పడిపోయిన చూపుమేర" అని రాసినప్పుడు ఆనాటి తేమ ఎంతో, గాలిలో సూక్ష్మధూళి ఎంతో కూడా పక్కనే వేయండి. విగ్రహవాక్యం పాఠకుడే చెప్పుకుంటాడు.