రాయి నొప్పికి ఏ సూది?

అపెండిసైటిస్ వచ్చిన మనిషి కదిలితే నొప్పని బిగుసుకుని పడుకుంటాడు. కిడ్నీ నుంచి జారిన రాయి మూత్రనాళంలో ఇరుక్కున్నవాడు పడుకోలేడు, కూర్చోలేడు. నడుము పట్టుకుని ఆస్పత్రి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతాడు, వాంతి చేసుకుంటాడు, మళ్లీ తిరుగుతాడు. అనుభవమున్న నర్సు గుమ్మంలోనే పోల్చుకుంటుంది.

ఆ మనిషికి ఇంగ్లీషు మందులెందుకు, ఆక్యుపంక్చర్ చేయిస్తే చాలు కదా అనేవాళ్లున్నారు. అదంతా ఒట్టి నమ్మకమని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. నాకు రెండూ తొందరపాటు మాటలుగానే కనిపిస్తాయి.

ఇక్కడ మనిషిని మెలితిప్పేది రాయి గరుకుదనం కన్నా దాని వెనక ఆగిపోయిన మూత్రం. దారి మూసుకుపోగానే కిడ్నీలో ఒత్తిడి పెరుగుతుంది. ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఊరి, కిడ్నీకి రక్తప్రవాహాన్ని పెంచి, ఆ ఒత్తిడిని ఇంకా ఎగదోస్తాయి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇంజక్షన్ వాటి తయారీనే ఆపుతుంది. అందుకే అది మార్ఫిన్‌కు కూడా తీసిపోదు. ఖతార్‌లోని హమద్ జనరల్ ఆస్పత్రిలో 1,645 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వచ్చాయి. అరగంటలో నొప్పి కనీసం సగానికి తగ్గినవారు డైక్లోఫెనాక్‌తో 68 శాతం, నరానికి ఎక్కించిన పారాసెటమాల్‌తో 66 శాతం, మార్ఫిన్‌తో 61 శాతం.

మరి ఆక్యుపంక్చర్? బీజింగ్ వైద్యులు 80 మంది రోగులపై చేసి, 2022లో ఫలితాలు ప్రచురించిన పరీక్షను కాస్త నిదానంగా చూడాలి. అందరికీ డైక్లోఫెనాక్ ఇచ్చారు. సగం మందికి దానితో పాటు నిజం ఆక్యుపంక్చర్, తక్కిన సగానికి ఉత్తుత్తిది. నొప్పి నడుములో ఉంటే సూదులు గుచ్చింది మాత్రం చేతి వెనకవైపు, వేళ్ల ఎముకల సందుల్లో. పది నిమిషాలకు నొప్పి సగమైనా తగ్గినవారు మొదటి జట్టులో 77.5 శాతం, రెండో జట్టులో 10 శాతమే. మందు ఒంటికి పట్టేలోపు రోగి పడే నరకం తెలిసినవారెవరూ ఈ పది నిమిషాలను చిన్నచూపు చూడరు. అయితే సూదులు గుచ్చించుకున్న ప్రతివారి ఒంట్లోనూ డైక్లోఫెనాక్ ఉందన్నది మరవకూడదు. పైగా అది ఒకే ఆస్పత్రిలో, కొద్దిమందిపై జరిగిన పరీక్ష. మందు మానేసి సూదులతో సరిపెట్టుకోవచ్చని అది చెప్పలేదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న డైక్లోఫెనాక్ పడనివాళ్లది. కడుపులో పుండు ఉన్నవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు, అన్నిటికన్నా ముఖ్యంగా కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నవాళ్లు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో, రక్తంలో క్రియాటినిన్ పెరిగిన, అంటే కిడ్నీ పని తగ్గిన రైతుకు నడుము నొప్పనగానే ఇలాంటి ఇంజక్షన్ పొడిచేస్తే మిగిలిన కాస్త కిడ్నీకీ ముప్పే. అలాంటివారికి పారాసెటమాల్‌తో పాటు ఆక్యుపంక్చర్ తోడైతే ఎంత ఊరటో లెక్కగట్టి చూడాల్సిన చోటు మన దగ్గరే ఉంది. ఆ ఉద్దానంలోని పలాసలోనే 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది. ఈ పరీక్ష అక్కడ జరగాలని నా కోరిక. చేసేవారు శిక్షణ పొందినవారై ఉండాలి, సూదులు ఒక్కసారి వాడి పారేసేవై ఉండాలి.

అంతవరకూ, రాయి నొప్పి వస్తే ముందు ఆస్పత్రికి వెళ్లండి. కిడ్నీ జబ్బుంటే ఇంజక్షన్ వేయకముందే చెప్పండి. ఆక్యుపంక్చర్‌తో తగ్గినా, ఇంజక్షన్‌తో తగ్గినా, నొప్పి తగ్గింది కదా అని రాయి పోయిందనుకోకండి. అయిదు మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, కానీ పడిందో లేదో స్కానింగ్‌లోనే తేలాలి. నొప్పి లేకుండా అడ్డుపడి ఉన్న రాయి కూడా కిడ్నీని పాడుచేస్తుంది. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే బయల్దేరండి.