పనిపోయినవాడి కాగితాలు

గత ఆదివారం ఉదయం శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన ఒక కార్మికుడు నా ఇంటి తలుపు తట్టాడు. ఢిల్లీ శివార్లలో మోటారు విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో, కంట్రాక్టరు కింద, ఆరేళ్లు పనిచేశాడు. ఆర్డర్లు తగ్గాయని చెప్పి రెండు నెలల కిందట అతన్నీ, అతనితోపాటు మరికొందరినీ రావద్దన్నారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ, సంచీనిండా కాగితాలు. "మాస్టారూ, మీరు ఇంగ్లీషు చదువుకున్నారు. నాకు డబ్బు ఎందుకు రాదన్నారో ఇందులో ఉందంట, కాస్త చూడండి" అన్నాడు.

ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాడినే. బిల్లులూ, సవరణలూ, స్థాయీ సంఘాల నివేదికలూ చదవడమే జీవనోపాధి చేసుకున్నవాడిని. అయినా ఆ సంచీలోని వ్యవహారం బోధపడడానికి నాకు ఒక పూట పట్టింది. అతనికి ఎంతకాలం పడుతుందో పాఠకులే ఊహించుకోవచ్చును.

నిరుద్యోగ భృతి అనగానే మన రాష్ట్రాల పాఠకులకు ఎన్నికల వాగ్దానాలు గుర్తుకు వస్తాయి. అందుకు కారణం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న 'ముఖ్యమంత్రి యువనేస్తం' పేరిట పట్టభద్రులకు నెలకు 1000 రూపాయల భృతి మొదలైంది. మరుసటి ఏడు ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. తెలంగాణలో 2018 ఎన్నికల ప్రణాళికలో 3016 రూపాయల భృతి చేరింది; ప్రణాళికను దాటి బయటకు రాలేదు. కేరళలో 1980లనాటి పథకం ఒకటి ఉన్నది, దాని కింద ఇచ్చేది నెలకు 120 రూపాయలు. ఇవన్నీ ప్రభుత్వం దయతలచి ఇచ్చేవి, ఖజానా ఒట్టిపోతేనో, ముఖ్యమంత్రి మారితేనో పోయేవి. నా ఎదుట కూర్చున్న మనిషి అడుగుతున్నది ఆ బాపతు కాదు. తన జీతంలోనుంచి నెలనెలా కోసుకున్న చందాకు ప్రతిఫలం అడుగుతున్నాడు. ఈ తేడాను మన రాజకీయ చర్చలు సాధారణంగా పట్టించుకోవు.

కార్మిక రాజ్య బీమా, అంటే అందరూ ఇ.ఎస్.ఐ. అని పిలిచేది, 1948 చట్టంతో పుట్టింది. దానికి పునాది అంతకు నాలుగేళ్ల ముందు, 1944లో, ఆచార్య అదార్కర్ ఇచ్చిన నివేదిక. జబ్బు, ప్రసవం, పనిలో గాయం అనే మూడు ఆపదలకూ చట్టంలో చోటు దొరికింది. పనిపోవడమనే నాలుగో ఆపదకు దొరకలేదు. బ్రిటన్‌లో 1911 చట్టమే కొన్ని పరిశ్రమలలోని కార్మికులకు నిరుద్యోగ బీమా కల్పించింది. మన రాజ్యాంగం 41వ అధికరణంలో నిరుద్యోగికి ప్రభుత్వ సహాయం అన్న మాట ఉన్నది గాని, దాని పక్కనే 'ఆర్థిక స్తోమత పరిమితులకు లోబడి' అన్న మాటా ఉన్నది. ఆ లోబడడం ఎంతకాలం సాగిందంటే, ఇ.ఎస్.ఐ.లో నిరుద్యోగ భృతి అనేది మొదటిసారి కనిపించింది 2005 ఏప్రిల్ 1న.

అప్పుడు వచ్చినది రాజీవ్ గాంధీ పేరిట ఉన్న శ్రామిక కల్యాణ యోజన. కర్మాగారం మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచిమెంటు జరిగినా, పనితో సంబంధం లేని గాయంవల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగినా ఇది వర్తిస్తుంది. కాలపరిమితిని క్రమంగా పెంచి గరిష్ఠంగా 24 నెలలు చేశారు: మొదటి ఏడాది వేతనంలో సగం, రెండవ ఏడాది పాతిక శాతం. ఆ కాలంలో కుటుంబానికి వైద్యం కూడా అందుతుంది. రెండవది 2018 జూలై 1న రెండేళ్ల ప్రయోగంగా మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ యోజన. గడువు ముగిసినప్పుడెల్లా పొడిగిస్తూ వచ్చారు. ఇది జీవితంలో ఒకేసారి, 90 రోజులకు మించకుండా ఇచ్చేది. మొదట సగటు దినవేతనంలో 25 శాతమే ఇచ్చేవారు. కోవిడ్ కాలంలో, 2020 మార్చి 24 నుంచి వర్తించేటట్లుగా, దానిని 50 శాతం చేశారు. పనిపోయిన 90 రోజుల తరువాత గాక 30 రోజుల తరువాతనే దరఖాస్తు పెట్టవచ్చునన్నారు. పాత యజమాని ద్వారా రావలసిన పనిలేదు, శాఖా కార్యాలయానికి నేరుగా ఇవ్వవచ్చునన్నారు. తొలగించినవాడి సంతకం కోసం తొలగింపబడినవాడు తిరగాలన్న నిబంధన అన్నాళ్లు నిలవడమే ఒక విడ్డూరం. నోటరీ అఫిడవిట్టును కూడా అదే ఏడు తీసివేశారు.

అంకెలు చెబితేగాని విషయం తేలదు. నెలకు 15,000 రూపాయలు వచ్చే కార్మికుని జీతంలోనుంచి 0.75 శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు కోస్తారు. యజమాని 3.25 శాతం కలుపుతాడు. పనిపోతే, రోజుకు సగటున 500 లెక్కన, ఆ మనిషికి వచ్చేది రోజుకు 250. మూడు నెలలు పూర్తిగా ఖాళీగా ఉంటే 22,500 రూపాయలు. ఢిల్లీలో ఒక గది అద్దె, ఊళ్లో తల్లిదండ్రులకు పంపే సొమ్ము, పిల్లల ఫీజు. ఇంతకు మించి దానితో జరిగేది లేదు, కాని అది లేకపోతే జరిగే అప్పును గురించి అతడే నాకు చెప్పాడు: నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీ.

ఇక అతని సంచీలోకి వెళదాము.

మొదటి చిక్కు పేరు. ఆధార్ కార్డులో ఇంటిపేరు ముందున్నది, మనవాళ్లందరికీ ఉన్నట్టే. కంట్రాక్టరు గుమాస్తా ఉత్తరాది పద్ధతిలో ఇంటిపేరునే పేరుగా భావించి, అసలు పేరులోని చివరి 'రావు'ను వంశనామం చేశాడు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒక పొడి అక్షరమై కూర్చున్నది. ముగ్గురు మనుషులు తయారయ్యారు. నేను ఈ నగరానికి వచ్చిన కొత్తలో అందరూ నన్ను మా ఇంటిపేరుకు 'జీ' తగిలించి పిలిచేవారు. మా నాన్నగారు గాని వచ్చారేమోనని వెనుదిరిగి చూసేవాడిని. నాకది నవ్వులాట. ఇతనికి మూడు నెలల తిండి. దీనికి మందు ఉన్నది: పనిలో ఉన్నప్పుడే యజమాని చేత బీమా రికార్డులో పేరు ఆధార్ ప్రకారం దిద్దించుకోవాలి. పనిపోయాక అయితే ఆధార్ నకలు జతపరచి శాఖా కార్యాలయంలోనే సవరణకు అర్జీ పెట్టాలి. భృతి దరఖాస్తుకంటే ముందుగా పెట్టాలి, తరువాత కాదు. ఇతడు తలకిందులుగా చేశాడు.

రెండవ చిక్కు మరింత లోతైనది. ఆరేళ్లలో అతడు పనిచేసిన యంత్రం మారలేదు, షెడ్డు మారలేదు, కాని కంట్రాక్టరు రెండుసార్లు మారాడు. బీమా నంబరు ఒక మనిషికి జీవితాంతం ఒకటే ఉండాలి. కొత్త కంట్రాక్టరు పాత నంబరు అడగలేదు, కొత్తది పుట్టించాడు. దానివల్ల ఏమైనదంటే, చందా చరిత్ర రెండు ముక్కలైంది. అటల్ యోజనకు కనీసం రెండేళ్ల బీమా ఉద్యోగం ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అనే ఆరు నెలల చందా కాలాలలో, పనిపోవడానికి సరిగ్గా ముందరి కాలంలో 78 రోజులు, దానికి వెనుకటి మూడింటిలో ఏదో ఒకదానిలో మరొక 78 రోజులు చందా పడి ఉండాలి. ఇతనికి అంతకంటే ఎక్కువే ఉన్నది. కాని కంప్యూటరు చూసిన నంబరుకు ఏడాదిన్నర వయస్సు మాత్రమే. కౌంటరులోని ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడట, నిబంధనే చూపించాడట. ఆయనను తప్పు పట్టలేము. రెండు నంబర్లనూ కలపమని విడిగా అర్జీ పెట్టాలని చెప్పినవాడు మాత్రం అంతవరకు లేడు.

మూడవది పనిపోయిన కారణం. యజమాని నెలవారీ చందా నమోదు చేసేటప్పుడు, సున్నా రోజులు చూపిన కార్మికుని ఎదుట ఒక కారణం ఎంచుకోవాలి. ఆ జాబితాలో 'రిట్రెంచిమెంటు' ఉన్నది, 'పని లేదు' ఉన్నది, 'ఉద్యోగం వదలివెళ్లాడు' కూడా ఉన్నది. ఇతని ఎదుట ఉన్నది చివరిది. చేరిన రోజునే కొన్ని తెల్ల కాగితాలమీద సంతకం పెట్టించుకున్నారని అతడు అంటున్నాడు, నేను ఆశ్చర్యపడలేదు. ఈ ఒక్క మాటతో 24 నెలల భృతికి దారి మూసుకుపోయింది. నష్టపరిహారానికీ మూసుకుపోయింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వాటిలోని పారిశ్రామిక సంబంధాల స్మృతి, రిట్రెంచిమెంటు అయిన ప్రతి కార్మికుని పేరిట 15 రోజుల వేతనాన్ని యజమాని ఒక నిధికి జమకట్టాలనీ, అది 45 రోజులలో కార్మికుని ఖాతాకు చేరాలనీ అంటున్నది. మంచి మాటే. అయితే 'వదలివెళ్లాడు' అని రాసినవాడి విషయంలో ఆ స్మృతికి నోరు లేదు. పని మానుకొమ్మన్న రోజుననే, కారణం అడుగుతూ యజమానికి రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం రాసి, దాని నకలును కార్మిక శాఖకు పంపడం ఒక్కటే సామాన్యుని చేతిలో ఉన్న సాక్ష్యం. ఆ రోజున అతని చేతికి కలం అందిస్తున్నదెవరు? యూనియన్లు కంట్రాక్టు షెడ్లలో అడుగుపెట్టి చాలాకాలమైంది.

బ్యాంకు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇది మనవారికే ప్రత్యేకం గనుక. అతని ఖాతా ఊళ్లోని ఆంధ్రా బ్యాంకులో తెరిచినది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది, తరువాత పాత ఐ.ఎఫ్.ఎస్. కోడ్లు చెల్లకుండా పోయాయి. అతని దగ్గరున్న పాత పాసుపుస్తకంలోని కోడే దరఖాస్తులోకి ఎక్కింది. పేరు సరిపోయినా సొమ్ము తిరిగివచ్చేదే.

చందా కోసుకుని యజమాని కట్టకపోతే ఏమిటన్న ప్రశ్నకు పాత 1948 చట్టం 68వ సెక్షను ఒక సమాధానం చెప్పింది: ఆ కారణంగా కార్మికుడు ప్రయోజనం కోల్పోతే సంస్థే చెల్లించి, యజమానివద్ద రాబట్టుకోవచ్చునని. తప్పు ఎవరిదో భారం వారిమీద పడాలన్న ఈ సూత్రం పేర్లకూ, నంబర్లకూ, కారణాల జాబితాకూ ఎందుకు వర్తించరాదో నాకు అర్థం కాదు. తప్పుగా నమోదు చేసేది ఒకరు. దిద్దించుకోవలసినది మరొకరు, అదీ చేతిలో పని లేని రోజులలో.

పల్లెల్లోనూ కథ ఇంతే. 2005 ఉపాధి హామీ చట్టం 7వ సెక్షను, అడిగిన 15 రోజులలో పని చూపకపోతే మొదటి 30 రోజులకు కూలిలో పావువంతుకు, తరువాత సగానికి తగ్గని భృతి ఇవ్వాలన్నది. ఆ భృతి రాష్ట్ర ప్రభుత్వాల నెత్తిన పడింది. దానితో పని అడిగినవానికి తేదీ వేసిన రసీదు ఇవ్వడానికి కింది ఉద్యోగికి చెయ్యి రాలేదు. రసీదు లేనిదే 15 రోజులు మొదలు కావు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు మరొక చట్టం ఆమోదించింది. రసీదు అలవాటు కూడా మారుతుందా అన్నది చూడవలసి ఉన్నది.

ఇ.ఎస్.ఐ. ప్రధాన కార్యాలయమైన పంచదీప్ భవన్ ఉన్న వీధికి కామ్రేడ్ ఇంద్రజిత్ గుప్తా పేరు పెట్టారు. ఆయన చివరి సంవత్సరాల ప్రసంగాలు కొన్నింటిని పత్రికల గ్యాలరీనుంచి నేను విన్నాను. గొంతు పెంచేవారు కాదు, కాని అంకె అడిగితే మంత్రి ఫైలు వెదుక్కోవలసి వచ్చేది. ఈనాటి సభలో ఎవరైనా సభ్యుడు లేచి, ఎందరికి భృతి ఇచ్చారని గాక, ఎందరికి నిరాకరించారు, అందులో పేరు కలవనివెన్ని, నంబరు కలవనివెన్ని, 'వదలివెళ్లాడు' అన్న మాటకు బలైనవెన్ని అని అడగాలని నా కోరిక. తెలుగు సభ్యులలో ఇద్దరితో ఈ మాట అన్నాను. ఒకరు రాసుకున్నారు.

మా శ్రీకాకుళం మనిషికి మూడు అర్జీలు రాసి ఇచ్చాను: పేరు సవరణకు ఒకటి, నంబర్ల కలయికకు ఒకటి, భృతికి తాజాగా ఒకటి, కొత్త బ్యాంకు కోడుతో. 30 రోజులలో కదలిక లేకుంటే సమాచార హక్కు కింద పది రూపాయలతో ఏమి రాయాలో కూడా చెప్పాను. గురువారం సాయంత్రం మళ్లీ వచ్చాడు. మూడింటికీ రసీదులు తెచ్చుకున్నాడు. మరొక కంట్రాక్టరు వద్ద పని కుదిరిందట, జీతం వెనుకటికంటే రెండువేలు తక్కువ; ఇక అతనికి రావలసినది ఖాళీగా గడచిన రోజులకే. కొత్తచోట ఇచ్చిన ఫారం తీసి చూపాడు. పాత బీమా నంబరు రాయవలసిన గడి ఖాళీగా ఉన్నది. నా కలం అడిగి తీసుకుని, పది అంకెలూ ఒక్కొక్కటే పైకి చదువుతూ పూరించాడు.