అమోనియా గాలి ఎటు వీస్తుంది?

బళ్లో అమోనియా పాఠం చెబుతున్నాం. ఒక నైట్రోజను, మూడు హైడ్రోజన్లు, ఘాటైన వాసన అని బోర్డు మీద రాశాం. వెనక వరసలో పిల్ల లేచి, "మా అమ్మకు తెలుసు సార్ ఆ వాసన. రొయ్యల షెడ్డులో గొట్టం కారితే కొంగు తడిపి ముక్కుకు కట్టుకుంటది" అంది. అమోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది, తడిగుడ్డ కొంతైనా ఆపుతుంది. మేం చెప్పకముందే ఆ తల్లి కూలి పనిలో నేర్చుకుంది. ఆమెకు మాస్కు ఇచ్చినవాడు లేడు.

ఇప్పుడు ఇదే అమోనియా రేపటి ఇంధనమట. అందులో కార్బన్ లేదు గనక మండిస్తే బొగ్గుపులుసు గాలి రాదు. ఇది మరీ కొత్త సంగతేం కాదు. 1943లో, యుద్ధకాలంలో డీజిల్ దొరక్క బెల్జియంలో దీంతో బస్సులు నడిపారు. 2024లో జపాన్‌లోని హెకినాన్ థర్మల్ కేంద్రంలో బొగ్గులో 20 శాతం అమోనియా కలిపి మండించి చూశారు. మన దగ్గర కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమోనియా తీస్తామని ఏఎం గ్రీన్ కంపెనీ 2024లో పెట్టుబడి ఖాయం చేసింది. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్టీపీసీ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. గ్రీన్ అంటే ఎండ కరెంటుతో, గాలి కరెంటుతో నీళ్లను విడగొట్టి, ఆ హైడ్రోజనుతో చేసింది. ఇవాళ మన యూరియా బస్తాలో ఉన్నది ఎక్కువగా సహజవాయువు నుంచి తీసింది. దాని పొగ సంగతి ఎవరూ బస్తా మీద రాయరు.

మేం దీనికి అడ్డం కాదు. ఎండలు ముదిరితే చేలో నాట్లేసే నడుములే ముందు మాడేది. ఉప్పెన వస్తే ఎవరి పాకలు లేచిపోతాయో రేపల్లె, బాపట్ల తీరానికి 1977 నవంబరు 19 తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి ఇంధనం వస్తే రానీయండి. కానీ దాని మీద 'ప్రజల వైఖరి' అంటున్నారే, ఆ ప్రజలెవరు?

బ్రిటన్‌లో, మెక్సికోలో పరిశోధకులు గ్రీన్ అమోనియా మీద మీరేమనుకుంటున్నారని జనాన్ని అడిగారు. మన మాలపల్లెకు, మాదిగగూడేనికి వచ్చి ఎవరడిగారు? చదువుకున్న మిత్రుడొకాయన "మీవాళ్లకు సైన్సు తెలీక భయం" అన్నాడు. ఒక అపోహ ఉన్నమాట నిజమే, తీసేద్దాం. 2020లో బీరూట్ రేవులో పేలింది అమోనియం నైట్రేటు, అమోనియా కాదు. అమోనియాతో భయం పేలుడు కంటే ఊపిరిది. 2020 జూన్‌లో నంద్యాల ఫ్యాక్టరీలో అది కారి ఒకరు చనిపోయారు. 2023 డిసెంబరు 26 రాత్రి చెన్నై పక్కన ఎన్నూరులో, ఓడ నుంచి ఎరువుల ఫ్యాక్టరీకి అమోనియా తెచ్చే సముద్రపు గొట్టం కారింది. పెరియకుప్పం, చిన్నకుప్పం మత్స్యకారులు చంటిబిడ్డల్ని ఎత్తుకుని పరుగెత్తారు. 50 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. విశాఖలో 2020 మే 7న కారింది వేరే గ్యాసు, స్టైరీను. 12 మంది పోయారు. అక్కడ సైరన్ మోగించలేదని సర్కారు వేసిన కమిటీయే రాసింది. ఇవన్నీ చూసినవాడు భయపడితే అది తెలియనితనమా? సైన్సు తెలిసిన మేమూ భయపడుతున్నాం.

అమోనియా గాలికంటే తేలిక, పైకి పోతుందని పుస్తకంలో ఉంటుంది. నిజమే. కానీ పెద్ద ట్యాంకుల్లో దాన్ని మైనస్ 33 డిగ్రీల చలిలో ద్రవంగా ఉంచుతారు. అది కారితే చల్లటి తెల్ల మబ్బులా నేలను పట్టుకుని గాలివాలున పోతుంది. గాలివాలున ఎవరుంటారు? మన గాలి వాళ్ల మీదికి రాకూడదని దిక్కులు చూసి మరీ వాడను ఊరవతల పెట్టారని పెద్దలు చెబుతుంటారు. నాడు మన గాలి వాళ్లకు అంటు. రేపు ఫ్యాక్టరీ గాలి మన ఇళ్లకు చుట్టం. అగ్గువ భూమి ఉండేదీ మన పక్కనే, డి-పట్టాల్లో. 2008లో వాన్‌పిక్ అని నిజాంపట్నం, వాడరేవు తీరంలో వేల ఎకరాలు తీసుకున్నారు. ఆ రేవూ రాలేదు, ఆ కొలువులూ రాలేదు.

చట్టం మాట కూడా చెప్పుకుందాం. 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాల్సిన పెద్ద ఫ్యాక్టరీలు చాలావాటికి ప్రజావిచారణ జరపాలి. 30 రోజుల ముందు తెలియజేయాలి, నివేదిక సారం తెలుగులో ఇవ్వాలి. అనుమతి ఉన్న పారిశ్రామికవాడ లోపలైతే విచారణ అక్కర్లేదని అందులోనే ఒక కన్నం పెట్టారు. ఆ కన్నంలోంచే దూరిపోతారు. 1989 ప్రమాదకర రసాయనాల రూల్సు ఇంకోటి చెబుతున్నాయి: పెద్ద మొత్తంలో నిలవచేసే వాళ్లు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలి. ఎవరికి చెప్పారు? సర్పంచి ఇంటి అరుగు మీదా? తెనాలి పక్క చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లను చంపితే, కోర్టు చుండూరులోనే పెట్టాలని పట్టుబట్టి పెట్టించుకున్నాం. 2007లో తీర్పు అక్కడే వినిపించింది. ఆ తీర్పు హైకోర్టులో నిలవలేదు, అది వేరే బాధ. కానీ కోర్టే వాడ దగ్గరకు రాగలిగినప్పుడు ప్రజావిచారణ ఎందుకు రాదు? అక్కడే, తెలుగులో, కూలికి పోయొచ్చాక సాయంత్రం పూట పెట్టండి.

కొత్త ఫ్యాక్టరీ వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. నిజాంపట్నం ఐస్ ఫ్యాక్టరీల్లో, దుగ్గిరాల పసుపు కోల్డ్ స్టోరేజీల్లో, రొయ్యల షెడ్లలో చలికి వాడేది ఈ అమోనియానే. అక్కడ పనిచేసే అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు రెండు సంగతులు కనుక్కోండి. గొట్టం మూసే వాల్వు ఎక్కడుంది? షిఫ్టులో ఉండగా తలుపులకు బయట గొళ్లెం పెడుతున్నారా? రాసి మాకు పంపండి. రాయలేనివాళ్లు పిల్లలచేత రాయించండి. షెడ్డు పేరు రాయండి, మీ పేరు అక్కర్లేదు.