బస్తర్ బడి నిధులు: తల్లిదండ్రులది సంతకమేనా?

బస్తర్ బడుల గురించి తరచూ వినిపించే మాట: "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు." ఇప్పపూల కాలంలో పిల్లల్ని అడవికి తీసుకుపోతారని, మీటింగులకు రారని ఫిర్యాదు. ఈ మాట చాటున అసలు ప్రశ్న దాగిపోతోంది. బడికి ఎంత డబ్బు రావాలో నిర్ణయిస్తున్నది ఎవరు?

చట్టం తల్లిదండ్రుల్ని ప్రేక్షకులుగా చూడలేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. 22వ సెక్షన్ ఇంకా ముఖ్యమైనది. ఆ కమిటీ రాసిన అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ గ్రాంట్లకు ఆధారం కావాలంటుంది.

ఆచరణ దీనికి తలకిందులు. సమగ్ర శిక్షలో బడి గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. 30 మంది వరకు ఉంటే ఏడాదికి 10 వేలు, 100 వరకు 25 వేలు. చిన్న గూడెంలో బడి కప్పు కారితే బాగుచేసే ఖర్చు మాత్రం తగ్గదు. 2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'యుక్తియుక్తకరణ్' పేరుతో 10,463 బడులను విలీనం చేసింది. వాటిలో అత్యధికం ఒకే ఆవరణలో ఉన్నవేనని చెప్పింది. టీచర్లు లేని బడులకు టీచర్లను పంపాలన్న వాదనను కొట్టిపారేయలేం. కానీ 60 మంది ఉన్న బడిని, 25 మంది ఉన్న బడిని ఒక్కటిగా లెక్కిస్తే 35 వేల గ్రాంటు 25 వేలవుతుంది. రెండు కమిటీల చోట ఒక్కటే మిగులుతుంది.

బస్తర్‌లో ఈ దూరం కొత్తది కాదు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు ఖాళీ అయ్యాయి. బడి భవనాలను మావోయిస్టులు పేల్చారు, బలగాలు శిబిరాలుగా వాడుకున్నాయి. ఖాళీ చేయమని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. పిల్లలు రోడ్డు పక్క పోర్టా క్యాబిన్ హాస్టళ్లకు వెళ్లారు. కొన్ని కుటుంబాలు రాష్ట్ర సరిహద్దు దాటి భద్రాచలం, ములుగు అడవులకు చేరాయి. పిల్లల్ని ఊరికి దూరంగా పెట్టి, తల్లిదండ్రులు బడికి రావడం లేదనడం ఏం న్యాయం?

1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ అడిగింది సూటిగా ఉంది: ఎక్సైజు రూపంలో ప్రజల నుంచి తీసుకున్నంత సొమ్మైనా వాళ్ల చదువుకు ఖర్చుపెట్టండని. ఆయన చదువును దానంగా అడగలేదు, ప్రజలకు రావాల్సిన లెక్కగా అడిగాడు. ఆ లెక్క చూసే అధికారం ఈ రోజు బస్తర్ తల్లికి కావాలి.

అందుకు చేయాల్సినవి అసాధ్యమేమీ కావు. పిల్లల సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రతి బడికీ కనీస గ్రాంటు ఇవ్వాలి. కమిటీ చర్చలు, ఖర్చుల వివరాలు గోండి, హల్బీ, దోర్లీల్లో సాగాలి. ఇప్పపూలు, తునికాకు పనులు లేని రోజుల్లో సమావేశాలు పెట్టాలి. 1996 పెసా చట్టం స్ఫూర్తితో, గ్రామసభ ఒప్పుకోకుండా ఏ బడినీ విలీనం చేయకూడదు.

నిర్ణయమంతా రాయ్‌పూర్‌లో జరిగిపోయాక వేలిముద్ర కోసం పిలిస్తే, కూలి మానుకుని ఎవరొస్తారు?