అసమ్మతి అంటే పొగరు కాదు



మన హాస్టల్లో ఎవరైనా లేచి "నేను ఒప్పుకోను" అంటే, వాడికి తగిలించడానికి రెండు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పెద్దవాళ్ళను కాదంటే "పొగరుబోతు". తోటి విద్యార్థులను కాదంటే "చెంచా". వీటికి బదులు వాడదగిన మాట ఒకటుంది, అసమ్మతి. కానీ పేపర్లో ఆ మాట చూస్తే మనకు టిక్కెట్టు రాని నాయకుడే గుర్తొస్తాడు. నిజానికి దాని అర్థం సమ్మతి లేకపోవడం, అంతే. మీతోనే ఉంటాను, ఈ ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోను అని చెప్పడం.

ఈ మాట విలువ మాకు ఆలస్యంగా తెలిసింది. మేము ఇంటర్ చదివే రోజుల్లో మూడు రోజులు వరుసగా పప్పు నీళ్ళలా వచ్చింది. ఆ రాత్రి ఎవరూ అన్నం తినకూడదని సీనియర్లమంతా తీర్మానించాం. ఒక్క తమ్ముడు లేచి, "అన్నా, ఐదో తరగతి పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ళను పస్తు పడుకోబెట్టొద్దు. ముందు స్టాకు రిజిస్టరు చూద్దాం" అన్నాడు. "నువ్వు వార్డెన్ చెంచావిరా" అన్నాం. అందరూ నవ్వారు. వాడు కూర్చున్నాడు. ఆ రాత్రి చిన్నపిల్లలు ఆకలికి ఏడుస్తూ పడుకున్నారు. తర్వాత పప్పు చిక్కబడింది గానీ, ఆ తమ్ముడు మళ్ళీ ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు.

మమ్మల్ని పొగరుబోతులు అన్నవాళ్ళ మీద మాకు ఎంత కోపం వచ్చేదో! అదే పని మేమూ చేశాం.

అసమ్మతికి మర్యాద ఇచ్చే చోటు ఒకటుంది, అది న్యాయస్థానం. ధర్మాసనంలో ఎక్కువమంది చెప్పిందే తీర్పు అవుతుంది. అయినా, కాదన్న న్యాయమూర్తి కారణాలను కూడా తీర్పుతో పాటే భద్రపరుస్తారు. దానివల్ల ఏం లాభం అంటారా? మనకు సంబంధించిన కేసే చూడండి.

ఒక ఏడాది భర్తీ కాని ఎస్సీ, ఎస్టీ ఉద్యోగాలను తర్వాతి ఏళ్ళ కోటాకు కలిపే నిబంధన చెల్లదని 1963లో దేవదాసన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదుగురిలో నలుగురిది అదే మాట. కాదన్నది ఒక్కరే, మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. రాజ్యాంగంలోని 16(4) అధికరణాన్ని కేవలం మినహాయింపుగా చూడకూడదని ఆయన రాశారు. ఆ రోజుకు ఆయన ఓడిపోయారు. కానీ 1975లో థామస్ కేసులోనూ, 1992లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల మండల్ తీర్పులోనూ 16(4) మినహాయింపు కాదన్న అభిప్రాయమే నిలిచింది. 2000లో 81వ రాజ్యాంగ సవరణ వచ్చి, బ్యాక్‌లాగ్ ఖాళీలను ఆ ఏడాది యాభై శాతం పరిమితిలో లెక్కించనవసరం లేదంది. బ్యాక్‌లాగ్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన మన అన్నలకు, అక్కలకు దీని విలువ వేరే చెప్పాలా? 1963లో ఆ ఒక్కరి మాటను నవ్వి కొట్టిపారేసి ఉంటే, తర్వాతివాళ్ళు తీసి చదువుకోవడానికి ఏం మిగిలేది?

అసమ్మతి తెలిపిన ప్రతివాడిదీ ఒప్పు కాకపోవచ్చు. ఓటేసి ఓడించండి, తప్పు లేదు. కానీ చెప్పింది విని ఓడించండి. మౌనం అర్ధాంగీకారం అంటారు. హాస్టల్లో మౌనం చాలాసార్లు భయమే.

మా కోరిక ఒక్కటే. ఇకమీదట మెస్ కమిటీ మినిట్స్ బుక్కులో తీర్మానం కింద "అసమ్మతి" అని ఒక గడి పెట్టండి. కాదన్నవాళ్ళ పేరు, కారణం అందులో రాయండి. ఆరో తరగతి పిల్లవాడు చెప్పినా సరే.

ఆ తమ్ముడు ఎక్కడున్నాడో గానీ, ఈ సంచిక చదివితే ఒక మాట. ఆ రోజు మేమన్నది వెనక్కి తీసుకుంటున్నాం తమ్ముడూ. నువ్వు చెంచావి కాదు. ఆ రాత్రి మాలో ఆలోచించినవాడివి నువ్వొక్కడివే.