సలహాకి కూడా డబ్బులా?

అవునండీ, తీసుకుంటున్నాను. పిల్లాపాపలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో డిస్నీ వరల్డుకో డిస్నీలాండుకో వెళ్దామనుకునేవాళ్ళకి ఏ రోజు ఏ పార్కు, ఎక్కడ దిగాలి, ఏది ఎక్కాలి, ఏది మానుకోవాలి అని కూర్చుని రాసిచ్చి, కుటుంబానికి 120 డాలర్లు తీసుకుంటున్నాను. రసీదు కూడా ఇస్తున్నాను. ఇక తిట్టేవాళ్ళు వరసలో రండి (లైట్నింగ్ లేన్ లేదు, మామూలు వరసే).

శని, ఆదివారాల్లో చేసుకునే ఈ చిన్న వ్యాపారం మొదలుపెట్టి ఇంకా ఏడాది కాలేదు, అప్పుడే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో నాకు పేర్లు పెట్టేశారు. "డాలర్ల కక్కుర్తి" అన్నారొకరు. "మన ఊళ్ళల్లో ఇట్టాంటి అలవాట్లు ఉండాయా అబ్బయ్యా? దారి అడిగితే చెప్పేదానికి డబ్బులడుగుతారా?" అన్నారు ఇంకొకాయన. ఈ రెండో ఆయనది మా ఆత్మకూరు పక్కనే! మొదటాయన మాట వదిలేశాను గానీ, రెండో ఆయనకి మాత్రం జవాబు చెప్పాల్సిందే.

మాది నెల్లూరు జిల్లా పడమటి వైపు, అనంతసాగరం. సోమశిల డ్యాం మా మండలంలోనే ఉంది. పెన్న మా పక్కనుంచే పోతుంది గానీ, ఉదయగిరి వైపు పోయేకొద్దీ అంతా మెట్ట. అక్కడ బోర్లే దిక్కు. బోరు వెయ్యాలంటే ముందు పాయింటు చూసేవాణ్ణి పిలుస్తారు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకునో, పంగల పుల్ల పట్టుకునో చేనంతా తిరిగి "ఇక్కడెయ్యి" అని కాలితో గీత గీసి పోతాడు. రిగ్గు తేడు, గొట్టం దించడు, మోటారు బిగించడు. చెప్పేది ఒక్క మాట. ఆ మాటకి డబ్బులు తీసుకుంటాడు, నీళ్ళు పడినా పడకపోయినా! (ఆ టెంకాయ శాస్త్రం మీద నాకు నమ్మకం లేదు, అది వేరే తగువు.) రిజిస్ట్రాఫీసు చెట్టు కింద దస్తావేజు రాసేవాళ్ళు కాగితం ఎట్లా రాయాలో చెప్పినందుకే కదా తీసుకునేది? పెళ్ళికి ఎన్ని బస్తాల బియ్యం, ఎన్ని డబ్బాల నూనె అని చీటీ రాసిచ్చేటప్పుడే వంటమేస్త్రి చేతిలో అడ్వాన్సు పెట్టమా? మా వైపు ఊరికే వచ్చేది దారి చెప్పడం ఒక్కటే. అదీ టీ కొట్టు దగ్గర పది మందిని అడిగితే పది దార్లు చెప్తారు.

అసలు ఈ మాట అనేది ఎవరండీ? మనం! గంటకింత అని మనల్ని క్లయింటుకి బిల్లు చేస్తే ఆ డబ్బుతో ఇల్లు కొన్నవాళ్ళం. కన్సల్టెన్సీతో 80-20 బేరాలు నోటికొచ్చినవాళ్ళం. "ఈ డేటాబేసు వద్దు, ఆ డేటాబేసు వాడండి" అని చెప్పినందుకు మన కంపెనీ ఇన్‌వాయిసు పంపుతుంటే అది నాలెడ్జి ఎకానమీ. "మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కాబట్టి ఆ హోటలు వద్దు, ఈ హోటలు తీసుకోండి" అని నేను చెప్తే అది కక్కుర్తి. బాగుంది లెక్క.

సరే, ఊరికే చెప్పేవాళ్ళు ఉండగా నీకెందుకివ్వాలి అన్నది అసలు ప్రశ్న. ఊరికే చెప్పేవాళ్ళు రెండు రకాలు.

మొదటి రకం, 2019లో వెళ్ళొచ్చిన బావమరిది. పాపం ఆయన మనసు మంచిదే. "ఫాస్ట్‌పాస్ తీసుకో బావా, ఫ్రీ" అంటాడు. ఆ ఫాస్ట్‌పాస్ 2020లో ఆగింది, 2021లో పూర్తిగా ఎత్తేశారు. దాని బదులు డబ్బులు పెట్టి కొనే జీనీ ప్లస్ వచ్చింది. 2024 జూలైలో దాని పేరూ పద్ధతీ మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు. ఓర్లాండోలో అయితే డిస్నీ హోటల్లో దిగినవాళ్ళకి ఏడు రోజుల ముందు, బయట దిగినవాళ్ళకి మూడు రోజుల ముందు, పొద్దున ఏడింటికి బుకింగ్ తెరుస్తారు. అంటే మన తత్కాల్ అన్నమాట. కాలిఫోర్నియాలో అట్లా కాదు, పార్కులోకి అడుగు పెట్టాకే బుక్ చేసుకోవాలి. ఈ తేడా తెలియక రెండు చోట్లా ఒకటే అనుకుని వెళ్తే ఏమవుతుందో, 300 రూపాయల టికెట్ లేకుండా రద్దీ రోజున తిరుమల కొండెక్కినవాళ్ళని అడగండి. చాట్‌జీపీటీని అడిగితే పోదా అనేవాళ్ళున్నారు. అడగండి, నేనూ అడుగుతాను. పాతదీ కొత్తదీ కలిపి మహా ధీమాగా చెప్తుంది. అచ్చం బావమరిది లాగే.

రెండో రకం, ఫ్రీ ట్రావెల్ ఏజెంటు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. అమెరికాలో డిస్నీ ప్యాకేజీలు బుక్ చేసిపెట్టే ఏజెంట్లు వేలకొద్దీ ఉన్నారు. మీ దగ్గర పైసా తీసుకోరు. వాళ్ళకి డబ్బులిచ్చేది డిస్నీ, మీరు కొన్న ప్యాకేజీలో ఇంత శాతం అని. ఇందులో రహస్యం లేదు, తప్పు కూడా లేదు, వాళ్ళలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు, నిజాయితీగా చెప్పేవాళ్ళు ఉన్నారు. కానీ ఎంత మంచివాడైనా ఆ పద్ధతిలో ఒక్క మాట చెప్పడం మహా కష్టం. "వెళ్ళకండి" అన్న మాట.

మొన్న వేసవిలో మా వైపు కుటుంబమే ఒకటి వచ్చింది నా దగ్గరికి. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ సాఫ్ట్‌వేరే, డాలస్‌లో ఉంటారు. రెండేళ్ళ పాప. ఆరు నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలు, నాన్నకి షుగరు, అమ్మకి మోకాళ్ళు. ఆగస్టులో ఓర్లాండో, ఐదు రోజుల టికెట్లు, అందులోనూ ఒకే రోజు పార్కులు మారే రకం. అప్పటికే ఎవరో "ఉచితంగా" కొటేషన్ పంపి ఉన్నారు. నేను చెప్పింది ఇదీ: ఆగస్టు ఫ్లోరిడా ఎండ మన మే నెల ఎండ లాంటిది, పైగా ఉక్క. మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది, పిడుగుల భయానికి బయటి రైడ్లు ఆపేస్తారు. రెండేళ్ళ పాపకి ఎలాగూ టికెట్ అక్కర్లేదు, దానికి ఐదు రోజులూ అక్కర్లేదు. పెద్దవాళ్ళు స్పేస్ మౌంటెన్ ఎక్కరు, 44 అంగుళాలు లేని పాపని ఎక్కనివ్వరు. మరి ఎవరికోసం ఈ ఐదు రోజులు? ఓర్లాండో మానేసి అక్టోబరు చివర్లో అనహైమ్ వెళ్ళండి, రెండు పార్కులూ ఎదురెదురుగా ఉంటాయి, రెండు రోజులు చాలు, మధ్యాహ్నం హోటలుకి నడిచొచ్చి పడుకోవచ్చు, అన్నాను. పులిహోర డబ్బా కూడా పట్టుకెళ్ళమన్నాను. తినేదానికి ఇంటి నుంచి తెచ్చుకుంటే డిస్నీ వాళ్ళు అడ్డు చెప్పరు, గాజు సీసాలు మాత్రం వద్దంటారు. చాలామందికి ఈ సంగతే తెలియదు.

రద్దీ రోజుల్లో ఒక్క రోజు టికెట్ ఇప్పుడు 200 డాలర్లు దాటింది. నలుగురు పెద్దవాళ్ళకి గేటు దగ్గరే 800. మూడు రోజులు తగ్గిస్తే ఎంతో మీరే లెక్కేసుకోండి, మనకి లెక్కలు చెప్పాలా? శాతం లెక్కన తీసుకునేవాడైతే నేను ఇచ్చిన ఆ సలహాతో నా పొట్ట నేనే కొట్టుకున్నట్టు. 120 తీసుకున్నాను కాబట్టి నాకు ఐదు రోజులైనా ఒకటే, రెండు రోజులైనా ఒకటే. నేను ఫీజు పెట్టింది ఇందుకు. డబ్బు మీ జేబులోంచి, మీ కళ్ళ ముందు వస్తే నేను మీ మనిషిని. మీకు తెలియని ఇంకో జేబులోంచి వస్తే నేను ఎవరి మనిషినో మీరే చెప్పండి.

చుట్టాల దగ్గర కూడా తీసుకుంటావా అంటే, తీసుకోను. మా పిన్ని కొడుకు వస్తే కాఫీ ఇచ్చి మరీ చెప్తాను. పిన్ని కొడుకు ఆఫీసులో టీమ్ లీడు, ఆ టీమ్ లీడు తోడల్లుడు.. అక్కడిదాకా చుట్టరికం లాగితే మాత్రం రసీదు పుస్తకం తీస్తాను.

ఇక నన్ను చూసి "భలే ఉంది, మేమూ పెడతాం" అంటున్నవాళ్ళకి రెండు ముక్కలు. నేను గ్రీన్ కార్డు వరసలో పన్నెండేళ్ళు నిలబడి వచ్చినవాణ్ణి (స్పేస్ మౌంటెన్ వరస నాకో లెక్కా). కార్డు చేతికొచ్చాక, ఆఫీసులో హెచ్ఆర్‌కి రాసి అనుమతి తీసుకుని మొదలుపెట్టాను. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు మీ కోసం పిటిషను వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ, మీకు మీరే అయినా సరే, పని చెయ్యకూడదు. "జెల్‌లో తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది" అన్నవాడి తెలివికి ఒక నమస్కారం. బ్యాంకు స్టేట్‌మెంటు కన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది బాబూ?

ఇంకో తెలివి ఉంది: ఆవిడ పేరు, ఈయన పని. హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో కొందరికి 2015 మే నుంచి పని చేసుకునే అనుమతి, అదే ఈఏడీ, ఇస్తున్నారు. దాని మీద సొంత వ్యాపారం చక్కగా పెట్టుకోవచ్చు. ఎంతోమంది చదువుకున్న ఆడవాళ్ళు అలా నిలదొక్కుకున్నారు. దాన్ని పడగొట్టాలని వేసిన కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, 2025 అక్టోబరులో కోర్టు విననంది కాబట్టి నిలిచింది. అదే నెలాఖరున ఇంకో దెబ్బ తగిలింది. రెన్యువల్ దరఖాస్తు పెట్టుకుంటే పాత ఈఏడీ దానంతటదే పొడిగించే వెసులుబాటు తీసేశారు. అక్టోబరు 30 నుంచి పెట్టిన దరఖాస్తులకి కొత్త కార్డు రాకముందే పాతది అయిపోతే ఆ రోజు నుంచి దుకాణం కట్టెయ్యాలి. ఇంత సన్నని తాడు మీద నడుస్తున్న ఆవిడ పేరుతో మొగుడుగారు రాత్రిళ్ళు క్లయింట్లతో ఫోన్లు మాట్లాడటం ఏమిటి? ఆవిడ పెట్టుకుంటే ఆవిడే చెయ్యాలి. డాలర్లు కూడా ఆవిడకే రావాలి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి 2022 గుర్తుండే ఉంటుంది. పోటీ కంపెనీలకి పని చేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. తర్వాత నెలలోనే ఇన్ఫోసిస్ ముందుగా అడిగితే బయట చిన్న పనులు చేసుకోవచ్చంది. వండర్లాకి ఎప్పుడెళ్ళాలో చెప్పడం ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకీ పోటీ కాదు, నిజమే. అయినా అడిగి కాగితం తీసుకోండి.

నేను టికెట్లు అమ్మను, మీ బుకింగ్ డబ్బు నా చేతిలోకి తీసుకోను. ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవాళ్ళకి వేరే రిజిస్ట్రేషన్ ఉంది, ఆ పని చేసేట్టయితే ముందు లాయర్ దగ్గరికి వెళ్ళండి. మీతోపాటు పార్కులోకి గైడుగా కూడా రాను. అనుమతి లేకుండా లోపల వ్యాపారం చెయ్యకూడదు.

పదేళ్ళు నిండితే పెద్ద టికెట్ కాబట్టి "మావాణ్ణి తొమ్మిదని చెప్తే కనిపెడతారా?" అని అడిగేవాళ్ళున్నారు. అంతకన్నా ఘోరం, ఆటిజం లాంటివి ఉన్న పిల్లల కోసం ఉంచిన సదుపాయం తమకీ కావాలనేవాళ్ళు. 2024లో డిస్నీ ఆ నియమాలు బిగించింది, అబద్ధం చెప్పి తీసుకున్నారని తేలితే మళ్ళీ జన్మలో రానివ్వమంటోంది. మోకాళ్ళ నొప్పులకి వీల్ చెయిర్ అద్దెకి దొరుకుతుంది, దాంతోనే మామూలు వరసలోకి వెళ్ళొచ్చు. ఎక్కడ తీసుకోవాలో, పొద్దున ఎన్నింటికి వెళ్తే దొరుకుతుందో రాసిస్తాను. ఆ అబద్ధం ఎట్లా చెప్పాలో మాత్రం 120 కాదు, 1,200 ఇచ్చినా రాసివ్వను.